వారం వారం అవే ఆరు దీవులు: ఓడ మీద పనిచేసే కళాకారులు ఒడ్డున ఇంకా ఏం చూస్తారు?

తంత్రి_నాదం
క్రూయిజ్ ఓడలో వయొలిన్ వాయించడం నా ఉద్యోగం. సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు ఒక విడత, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు వరకు మూడు విడతలు వాయిస్తాం. కాంట్రాక్టు ఏడు నెలలు. నాలుగో నెల నడుస్తున్నది. మా ఓడ శనివారం కరీబియన్ దీవి బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్ నుంచి బయలుదేరుతుంది. ఆదివారం గ్రెనడా, సోమవారం సెయింట్ లూసియా, మంగళవారం మార్టినిక్, బుధవారం డొమినికా, గురువారం సెయింట్ కిట్స్, శుక్రవారమంతా సముద్రం మీద, శనివారానికి మళ్లీ బ్రిడ్జ్‌టౌన్.

మొదటి నెలలో గ్యాంగ్‌వే, అంటే ఓడ నుంచి ఒడ్డుకు దిగే దారి, తెరవకముందే వెళ్లి నిలబడేదాన్ని. ఇప్పుడు ఓడ రేవులో ఆగిన చప్పుడు వినగానే అటు తిరిగి పడుకుంటున్నాను. అన్ని రేవులూ ఒకేలా కనిపిస్తున్నాయి. ఎదురుగా పచ్చని కొండ, దాని కింద రంగు రంగుల ఇళ్లు, ద్వారం దాటగానే అవే దుకాణాలు, అల లేని నీలి నీళ్లు. ఒక్కసారి చూడడానికి జనం ఏళ్ల తరబడి ఎదురుచూసే చోట్లలో నేను కిటికీ లేని కేబిన్‌లో దుప్పటి కప్పుకుని ఉంటున్నాను. ఇది అలసటా, లేక చూడడం నాకు తెలియకనా? పధ్నాలుగు సార్లు దిగిన దీవిలో ఇంకా ఏం చూస్తారో, ఎక్కువ కాలం పనిచేసిన వారు చెప్పగలరా?

గాలిచాటు
రేవులన్నీ ఒకేలా కనిపించడానికి కారణం మీ కళ్లలో లేదు, గాలిలో ఉన్నది. అక్కడ వ్యాపార పవనాలు ఏడాది పొడవునా తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి వీస్తాయి. ఓడ నిలవాలంటే గాలి చాటు కావాలి. అందుకే డొమినికాలోని రోసో, సెయింట్ లూసియాలోని క్యాస్ట్రీస్, మార్టినిక్‌లోని ఫోర్ దె ఫ్రాన్స్, గ్రెనడాలోని సెయింట్ జార్జెస్, సెయింట్ కిట్స్‌లోని బాస్‌టెర్ అన్నీ తమ తమ దీవుల పడమటి వైపో నైరుతి వైపో వెలిశాయి. పధ్నాలుగు వారాలుగా మీరు ఆరు దీవులకూ ఒక చెంప మాత్రమే చూస్తున్నారు.

శనివారం ఉదయం ఖాళీ దొరికితే బార్బడోస్ తూర్పు తీరంలోని బాత్‌షీబాకు వెళ్లండి. అక్కడి నుంచి నేరుగా తూర్పుకు ఆఫ్రికా దాకా నేల లేదు. అంత దూరం పెరుగుతూ వచ్చిన అల ఒడ్డున విరిగినప్పుడు కాళ్ల కింద నేల అదరడం తెలుస్తుంది. తీరంలోని పెద్ద బండల అడుగు భాగాన్ని సముద్రం కొరికేయడం వల్ల అవి పుట్టగొడుగుల్లా సన్నని కాడ మీద నిలబడి ఉంటాయి. మీరు తాకే మిగతా ఐదు దీవులూ అగ్నిపర్వతాల వల్ల పుట్టినవి; బార్బడోస్ మాత్రం చాలా వరకు పగడపు సున్నపురాయి కప్పిన దీవి. ఆ తేడా ఒక్కసారి తెలిశాక మీ ఆరు రేవులు మళ్లీ ఒకేలా కనిపించవు.

రెండో_అంకం
నేను నర్తకిని. గాలిచాటు గారు చెప్పింది నిజమే కానీ, మన అసలు ఇబ్బంది వేళది. దీవి అందమంతా ఓడ రేవు వదిలే గంటలో ఉంటుంది; సరిగ్గా ఆ గంటలో మనం అద్దం ముందు ఉంటాం. మా డ్రెస్సింగ్ రూముకు కిటికీ లేదు. ఒకసారి ఒక కంటికి మాత్రమే కాటుక గీత దిద్దుకుని, షో చెప్పులతోనే సిబ్బంది మెట్లెక్కి పైకి పరుగెత్తాను. కొండ మీద ఎండ అప్పటికే శిఖరం దాకా జరిగిపోయి, కింద ఊరంతా నీలంగా మారింది. నేను చూసింది నాలుగు నిమిషాలు. ఆ కాంట్రాక్టులో గుర్తున్నది అదే.

పొద్దుటి_షిఫ్టు
నేను అదే తరహా ఓడలో అతిథుల భోజనశాలలో వడ్డిస్తాను. ఈ ప్రశ్న చదువుతుంటే మనసుకు కష్టంగా ఉన్నది. ఉదయం అల్పాహారం, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం అన్నీ మా చేతుల మీదుగానే సాగుతాయి. వారంలో ఒక రేవులో రెండు గంటలు దొరికితే, కుటుంబంతో ఫోనులో మాట్లాడడానికే సరిపోతుంది. తొమ్మిది నెలల కాంట్రాక్టులో డొమినికాలో నేను నాలుగుసార్లు నేల మీద అడుగుపెట్టాను. పగలంతా ఖాళీగా ఉండే కళాకారులు దుప్పటి కప్పుకుని పడుకుంటున్నామంటే, ఆ గంటలు మాకు ఇవ్వమని అడగాలనిపిస్తుంది.

తంత్రి_నాదం
పొద్దుటి_షిఫ్టు గారు, మీ మాటకు నొచ్చుకోలేదు. నా ప్రశ్నలో ఆ సంగతి నేనే ముందుగా రాసి ఉండవలసింది. మా వాళ్లకు దొరికే పగటి వేళ ఓడలో చాలామందికి దొరకదని నాకు తెలుసు. అది వృథా అవుతున్నదన్న బాధతోనే ఇక్కడికి వచ్చాను.

అలల_లెక్క
ఓడ భద్రతా విభాగంలో పనిచేస్తున్నాను. అలసటను తక్కువగా చూడవద్దని ఇద్దరికీ మనవి. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ 7 రోజుల్లోనైనా కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ పది గంటలను రెండు ముక్కలకు మించి విడగొట్టకూడదు, అందులో ఒకటి ఆరు గంటలకు తగ్గకూడదు. ఈ లెక్క వడ్డించేవారికీ వాయించేవారికీ ఒక్కటే. విశ్రాంతి గంటలు కాగితం మీద సరిపోయి, ఒంటికి సరిపోకపోతే పై అధికారికి చెప్పాలి. నిద్ర చాలని కంటికి ఏ దీవి అయినా బూడిద రంగులోనే కనిపిస్తుంది.

మరొక సంగతి. రేవులో నిప్పు రేగినా నీరు చేరినా ఓడను కాపాడడానికి సిబ్బందిలో కొంతమంది లోపలే ఉండాలి. ఆ కాపలా వంతునే మేము ఐపీఎం అంటాం. తంత్రి_నాదం గారు తన ఐపీఎం వంతులు ఏ రేవుల్లో పడుతున్నాయో చూసుకుని, కనీసం రెండు వారాల ముందు ప్రణాళిక వేసుకోవడం మంచిది.

గాలిచాటు
అలల_లెక్క గారి మాటకు తోడుగా, నిద్ర పాడు కాకుండా చూసే ఒక దృశ్యం చెబుతాను. మీ ఓడ ఆదివారం రాత్రి గ్రెనడా నుంచి ఉత్తరానికి వస్తుంది కదా. సోమవారం తెల్లవారేసరికి సెయింట్ లూసియా పడమటి తీరం వెంట పోతూ ఉంటుంది. ఆరు గంటల ప్రాంతంలో ఓడ ముందుభాగంలోని సిబ్బంది డెక్ మీద కుడివైపు నిలబడితే గ్రో పితోన్, పెతీ పితోన్ అనే జంట శిఖరాలు నీళ్లలోంచి నిటారుగా లేచి కనిపిస్తాయి. చిన్నదే 743 మీటర్లు. 2004 నుంచి అవి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. సూర్యుడు వాటి వెనక నుంచి వస్తాడు కనుక ముందు నల్లగా ఉండి, మెల్లగా రెండు కొండల మధ్య సందు వెలుగుతుంది. తర్వాత వెళ్లి మళ్లీ పడుకోవచ్చు.

ఎత్తు_తాడు
నేను తాడు మీద, పట్టు గుడ్డల మీద వేలాడే విన్యాసాలు చేస్తాను. నా రెండు కాంట్రాక్టులు బొనైర్, కురసావో, అరూబా దీవుల వైపు సాగాయి. బొనైర్‌లో ఒడ్డు నుంచి కొన్ని బారలు ఈదగానే పగడపు దిబ్బ మొదలవుతుంది. 1979 నుంచి దీవి చుట్టూ ఉన్న సముద్రమంతా రక్షిత వనం. కొందరు మిత్రులు పొద్దున సిలిండరుతో లోతుకు దిగి, సాయంత్రం వచ్చి ఎగిరే షో చేసేవారు. దయచేసి ఆ పని చేయవద్దు. లోతులో రక్తంలో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటకు పోవాలి. ఆ గంటల్లో ఒంటిని తీవ్రంగా శ్రమపెడితే బుడగలు కట్టే ప్రమాదం పెరుగుతుంది. గాయకులకు ఇంకో భయం ఉన్నది. జలుబుతో దిగితే చెవి దెబ్బతిని, ఆ రాత్రి శ్రుతి వినిపించదు. షో ఉన్న రోజున ముఖానికి అద్దం, నోటిలో గొట్టం పెట్టుకుని పైపైన తేలుతూ చూడడమే మేలు. బొనైర్‌లో అదే చాలు. చిలుక చేప పగడాన్ని కొరికే కటకట శబ్దం నీళ్లలో స్పష్టంగా వినిపిస్తుంది.

రెండో_అంకం
ఒళ్లు కాపాడుకోవడం అన్నారు కాబట్టి నా అనుభవం రాస్తున్నాను. ఒక బీచ్‌లో వాన మొదలైతే నేనూ ఇంకో నర్తకీ ఒక గుబురు చెట్టు కిందకు చేరాం. అది మంచినీల్ చెట్టు. చిన్న యాపిల్ లాంటి పచ్చని కాయలు, మెరిసే ఆకులు, చూడడానికి ఎంతో బాగుంటుంది. దాని పాలు వాన నీటిలో కలిసి భుజాల మీద పడ్డాయి. గంటలో మంట, సాయంత్రానికి బొబ్బలు. భుజాలు కనిపించే దుస్తులు వేసుకోలేక వారం రోజులు ఆమె స్థానంలో వేరొకరు ఆడారు. చాలా చోట్ల ఆ చెట్ల మొదళ్లకు ఎర్రని పట్టీ వేస్తారు, కానీ అన్ని చోట్లా కాదు. కాయ తినడం మాట అటుంచి, దాని నీడన కూడా నిలబడవద్దు.

పాత_తెర
పదకొండేళ్లు ఓడల మీద పాడి, ఇప్పుడు మానేశాను. తంత్రి_నాదం గారి మంగళవారం గురించి రాయాలనిపించింది.

ఫోర్ దె ఫ్రాన్స్ నుంచి ఉత్తరంగా, సముద్రం పక్కనే గంట లోపు ప్రయాణంలో సెయింట్ పియర్ అనే ఊరు ఉన్నది. ఒకప్పుడు మార్టినిక్‌లో అదే పెద్ద నగరం. 1902 మే 8 ఉదయం పెలే అగ్నిపర్వతం బద్దలై, మండే వాయువుల మేఘం కొండ మీద నుంచి దిగి, కొన్ని నిమిషాల్లో సుమారు 28,000 మందిని పొట్టన పెట్టుకున్నది. ఆ ఊరిలో 1786లో కట్టిన నాటకశాల ఉండేది. ఎనిమిది వందల మంది కూర్చునే శాల. దాని ముందున్న రెండు వైపుల మెట్ల వరుస ఇప్పటికీ నిలిచి ఉన్నది. మెట్లెక్కి లోపలికి వెళితే కప్పు లేదు, గోడలు మోకాలి ఎత్తున, కొన్ని చోట్ల నడుము ఎత్తున ఉన్నాయి. రంగస్థలం ఉన్న చోట గడ్డి పెరిగింది. అక్కడ నిలబడితే పెలే కొండ కనిపిస్తుంది, చాలా రోజులు శిఖరం మబ్బులో కప్పుకుని.

నాటకశాల పక్కనే, కిందగా, మందమైన రాతి గోడల చెరసాల గది ఒకటి ఉన్నది. అందులో బందీగా ఉన్న సిపారి అనే వ్యక్తి ఒళ్లంతా కాలినా బతికి బయటపడ్డాడు. ఆ నగరంలో ప్రాణాలతో మిగిలిన అతి కొద్దిమందిలో అతడొకడు. తర్వాత బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్ అతడిని తీసుకుపోయింది. తన గదికి నమూనాగా కట్టిన గది ముందు నిలబడి ఊరూరా ప్రదర్శన ఇచ్చాడు. ఊరు ఊరంతా పోయిన మనిషి, ఆ పోవడాన్నే రోజూ ఒక వేళకు జనం ముందు చూపించి బతికాడు. రోజూ ఒకే నవ్వుతో ఒకే పాట పాడిన నాకు, ఆ గది ముందు నిలబడినప్పుడు గొంతు పెగల్లేదు.

మొదటిసారి ఫొటోలు తీసుకుని వచ్చేశాను. ఆరోసారో ఏడోసారో వెళ్లినప్పుడు కానీ, మెట్ల రాళ్ల మధ్యలో అరిగిపోయిన గుంటలు నాకు కనిపించలేదు. నాటకం చూడడానికి వచ్చిన వాళ్ల పాదాలు వందేళ్లకు పైగా అరగదీసిన రాళ్లు అవి. ఒకసారి వచ్చిపోయే వాళ్లకు ఇది దొరకదు. మీకు దొరుకుతుంది.

ఎత్తు_తాడు
పాత_తెర గారు రాసింది చదివి చాలాసేపు కదలలేకపోయాను. అయినా ఒక సందేహం. ఇప్పటికే మనసు నీరసించిన వ్యక్తిని బూడిదైన ఊరికి పంపడం సరైనదేనా? నేనైతే ముందు అరూబాలో దివిదివి చెట్టు చూపిస్తాను. గాలి ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి తోయడం వల్ల చెట్టు కొమ్మలన్నీ నైరుతి వైపు వంగి, నేలకు సమాంతరంగా పెరుగుతాయి. అది చూస్తే నాకు ధైర్యంగా అనిపిస్తుంది.

పాత_తెర
మీ సందేహం అర్థమైంది. కానీ సెయింట్ పియర్ ఇప్పుడు ఖాళీ ఊరు కాదు. శిథిలాల గోడలకు ఆనుకునే ఇళ్లు కట్టుకున్నారు, పిల్లలు ఆ గోడల పక్కనుంచే బడికి పోతారు. నన్ను కుంగదీసింది ఏదీ అక్కడ లేదు.

గడియారం
దూరాలు పోయే వారికి హెచ్చరిక. అతిథుల కంటే సిబ్బంది ముందుగా ఓడ ఎక్కాలి. ఓడ తప్పితే అతిథికి ఖర్చు, మనకు ఉద్యోగం. ఫ్లోరిడా నుంచి వచ్చే ఓడలు చాలా వరకు అక్కడి సమయమే పాటిస్తాయి. చలికాలంలో తూర్పు కరీబియన్ దీవుల గడియారం దాని కంటే గంట ముందుంటుంది. ఫోను దానంతటదే మారిపోతుంది, ఓడ మారదు. చేతికి ముల్లుల గడియారం పెట్టుకుని, ఓడలో ఉన్న సమయమే ఉంచండి.

కురసావోలో ఇంకో చిక్కు ఉన్నది. విల్లెమ్‌స్టాడ్‌లో 1888లో కట్టిన క్వీన్ ఎమ్మా వంతెన పడవల మీద తేలుతుంది. ఓడ లోపలికి రావలసినప్పుడు వంతెన మొత్తం ఒక పక్కకు తిరిగిపోతుంది. నారింజ రంగు జెండా ఎగిరితే కాసేపే. నీలం జెండా ఎగిరితే చాలాసేపు అని అర్థం. నీలం జెండా చూశాక వంతెన దగ్గర నిలబడకుండా, జనాన్ని దాటించే చిన్న పడవ ఎక్కాలి. తిరిగి కలుస్తున్న వంతెన మీద నిలబడి ఊరు మెల్లగా తిరగడం చూడడం మాత్రం నాకు ఎంతో ఇష్టం.

నీటి_అంచు
గడియారం గారికి నా సమర్థన. సెయింట్ లూసియాలో సల్ఫర్ ఊటలు చూసి క్యాస్ట్రీస్‌కు తిరిగి వస్తుంటే వానకు కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. దీవి దక్షిణం నుంచి చుట్టి వచ్చే దారికి సమయం లేదు. ఒక మత్స్యకారుడు పడవలో తెచ్చి దించకపోతే ఆ రాత్రి డ్రమ్స్ వాయించేవారు ఉండేవారు కాదు. అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి: నడిచి వెళ్లగలిగినంత దూరమే వెళతాను.

దీనివల్ల నష్టపోయాననుకోను. రోసోలో రేవు నుంచి నడిచి వెళ్లేంత దగ్గరలో బొటానికల్ గార్డెన్స్ ఉన్నాయి. 1979లో డేవిడ్ తుపానుకు అక్కడ ఒక బవోబాబ్ మహావృక్షం కూలి, ఖాళీగా ఆగి ఉన్న బస్సు మీద పడింది. పసుపు బస్సు నలిగిపోయి ఇప్పటికీ చెట్టు కిందనే ఉన్నది. చెట్టు చావలేదు, పడిన చోటునుంచే కొత్త కొమ్మలు వేసింది. నేను ఒక కాంట్రాక్టులో ఇరవై రెండు సార్లు ఆ చెట్టు దగ్గరకే వెళ్లాను. తుప్పు ఏ వారం ఎక్కడిదాకా వచ్చిందో, ఏ కొమ్మ చిగురు వేసిందో నాకు తెలుసు. మరిగే నీటి సరస్సు బాయిలింగ్ లేక్ చూశావా అని అందరూ అడుగుతారు. దానికి రానుపోను ఆరు గంటల నడక. మన గంటలకు అందదు, అందదని బాధ కూడా లేదు.

రెండో_అంకం
నీటి_అంచు గారు, ఒక చెట్టునే ఇరవై రెండు సార్లు చూడడం నాకు సాధ్యం కాదు. అయినా మీ పోస్టు చదివాక నాకు ఆ బస్సు చూడాలని ఉన్నది.

గాలిచాటు
నీటి_అంచు గారితో సగమే ఏకీభవిస్తాను. సెయింట్ కిట్స్‌లో బాస్‌టెర్ నుంచి కొద్ది దూరంలో టిమోతీ హిల్ మీద నిలబడితే సన్నని భూశిరం కిందకు సాగుతూ కనిపిస్తుంది. ఎడమవైపు తెల్లని నురగలతో అట్లాంటిక్, కుడివైపు నిశ్చలంగా కరీబియన్. నేను మొదట రాసిన గాలి సంగతి అక్కడ ఒక్క చూపులో తెలుస్తుంది. దానికోసం వాహనం ఎక్కవలసిందే.

ఇక చెట్టు మారినట్టే సముద్రమూ మారుతుంది. ఏడు నెలలు ఉండేవారికే అది కనిపిస్తుంది. శుక్రవారం సముద్రం మీద ఉన్నప్పుడు ఓడ ముందుభాగానికి వెళ్లండి. గోధుమ రంగు బూబీ పక్షులు ఓడ గాలిని ఆసరా చేసుకుని రెక్క కదపకుండా తేలుతూ, ఓడకు బెదిరి లేచే ఎగిరే చేపల మీదకు దూకుతాయి. ఎండలు ముదిరేకొద్దీ పసుపు సర్గాసం నాచు బారులు బారులుగా తేలుతూ వస్తుంది. 2011 నుంచి అది బాగా పెరిగింది. జూన్ నాటికి సహారా ఎడారి ధూళి అట్లాంటిక్ దాటి వచ్చి దిగంతం పాలిపోతుంది. ఇంకొకటి: ఏప్రిల్ చివరి వారంలో బ్రిడ్జ్‌టౌన్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండుకు నాలుగైదు నిమిషాల ముందు బయట నిలబడి మీ నీడ ఎక్కడుందో చూసుకోండి.

తంత్రి_నాదం
మూడు వారాలు ఏమీ రాయలేదు, క్షమించండి. మొదటి వారం అలల_లెక్క గారి మాట విని నిద్రపోయాను, నిజంగా నిద్రపోయాను. రెండో సోమవారం పితోన్ శిఖరాల మధ్య సందులో వెలుగు రావడం చూశాను. వంటశాల వాళ్లు ఇద్దరు టీ కప్పులతో అప్పటికే అక్కడ ఉన్నారు, రోజూ వస్తారట.

నిన్న సెయింట్ పియర్ వెళ్లాను. వయొలిన్ తీసుకుపోలేదు. ఆ తేమకు చెక్క ఉబ్బి బిరడాలు బిగుసుకుంటాయి, సాయంత్రానికి శ్రుతి నిలవదు. మెట్ల మీద గుంటలు వేలితో తడిమి చూశాను. రంగస్థలం దగ్గర ఒకసారి చప్పట్లు కొట్టాను. కప్పు లేకపోయినా ఎదుటి గోడ నుంచి పొడిగా, చిన్నగా తిరిగి వచ్చింది. గోడ మీద బల్లి తల ఎత్తి చూసింది. పాత_తెర గారు, కుంగిపోలేదు.

పొద్దుటి_షిఫ్టు
ఈ బుధవారం నాకు రోసోలో రెండున్నర గంటలు దొరికాయి. నీటి_అంచు గారు చెప్పిన బస్సు దగ్గరకు వెళ్లాను. అక్కడి నుంచే వీడియో కాల్ చేసి మా అబ్బాయికి చూపించాను. బస్సు గెలిచిందా చెట్టు గెలిచిందా అని అడిగాడు. మొదట రాసిన మాట కొంచెం గట్టిగా రాశాను, తంత్రి_నాదం గారు.

తంత్రి_నాదం
మీరు రాసిన మాటే నన్ను కేబిన్ బయటకు తెచ్చింది.

గాలిచాటు గారు, ఈ శనివారం ఏప్రిల్ చివరిది. కొత్త అతిథులు ఎక్కే వేళ కనుక పన్నెండున్నరకు లాబీలో వాయించాలి. వాద్యం శ్రుతి చేసుకుని, దాన్ని చేతిలో పట్టుకునే పన్నెండుకు ఐదు నిమిషాల ముందు సిబ్బంది డెక్ మీదకు వెళ్లాను. రెయిలింగు నీడ రెయిలింగు కిందకే దూరింది. నా నీడ చెప్పుల చుట్టూ నల్లని వలయంగా మిగిలింది. వయొలిన్‌ను భుజం మీద పెట్టుకుంటే దాని నీడ పూర్తి ఆకారంతో, నాలుగు బిరడాలతో సహా, నా ఎడమ పాదం ముందు డెక్ మీద పడింది. రంగులు వేసే కార్మికుడు ఒకాయన బ్రష్ పక్కన పెట్టి, తన నీడ కోసం వెతుక్కుంటూ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.